ఊపుట వేఱు, కుదుపుట వేఱు

మన భాషలో ఊపుట యొక మాట, కుదుపుట వేఱొక మాట. ఉయ్యాలను ఊపుదుము, గతుకుల దారిలో బండి మనలను కుదుపును. ఊపుటయందు నెమ్మదియు లయయు గలవు. బిడ్డ తలయు మేనును ఒక్కటిగా పోయి ఒక్కటిగా మఱలివచ్చును. కుదుపుటయందు మేను ముందు పోవును, తల వెనుకబడును. మేను వెనుకకు మఱలునప్పటికి తల ముందునకు విసరబడును. చూచుటకు రెండును కదలికలే యైనను, మొదటిది బిడ్డను నిద్రపుచ్చును. రెండవది బిడ్డ చూపును, తెలివిని, ఒక్కొకప్పుడు ప్రాణమునే హరించును. ఈ భేదమేల కలిగెనో, దానిని మనమేల యెఱిగియుండవలెనో యీ వ్యాసమున వివరింపదలచినాము.

ఇది వైద్యుల విషయముగదా, విద్యార్థులకేల యని కొందఱడుగవచ్చును. నెల్లూరు తీరమున ఇసకపల్లి, జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నము మున్నగు గ్రామములను చూచినవారికీ ప్రశ్న పుట్టదు. తెల్లవాఱకమునుపే తండ్రి వేటకు పోవును. నావ తీరమునకు చేరిన వెనుక తల్లి చేపలగంప నెత్తికెత్తుకొని అమ్మకమునకు పోవును. లోపలి గ్రామములలో నాట్లకును కోతలకును పోవు తల్లుల సంగతియు నిట్టిదే. అప్పుడు చంటిబిడ్డ యెవరి చేతిలో నుండును? ఇంటిలో అవ్వ యున్న ఆమె చేతిలో నుండును. లేకున్న బడికి పోవలసిన అక్క చంకలోనో, అన్న భుజముపైననో యుండును. అనగా నీ పత్రికను చదువు బాలబాలికలలో పెక్కురు ఇప్పటికే బిడ్డలను సాకుచున్నవారు. బిడ్డ ఎంతకును ఏడ్పు మానకున్న నేమి చేయవలెనో, ఏమి చేయరాదో వారికి తెలియుట యవసరము.

శిశువనగా చిన్న పరిమాణముగల పెద్దమనుష్యుడు గాడు. వాని యంగముల పాళ్ళే వేఱు. పెద్దవారిలో తల దేహపు నిడివిలో ఇంచుమించు ఎనిమిదవ వంతు; అప్పుడే పుట్టిన బిడ్డలో నాల్గవ వంతు. అంత పెద్ద తలను మోయవలసిన మెడకండరములో, మిక్కిలి బలహీనములు. మూడు నాలుగు నెలలు నిండువఱకు బిడ్డ మెడ నిలుపజాలదని తల్లులందఱును ఎఱుగుదురు. అందుచేతనే యెత్తుకొనునప్పుడు మెడక్రింద చేయి వేయుమని పెద్దలు చెప్పుదురు. ఇక లోపలి మెదడు. పుట్టినప్పుడది సుమారు 350 నుండి 400 గ్రాముల బరువుండును. పెద్దవారి మెదడుకంటె దానిలో నీటిపాలు హెచ్చు; నాడీతంతువులను చుట్టి కాపాడు క్రొవ్వుపొర యింకను పూర్తిగా నేర్పడియుండదు. కావున నది లేత తాటిముంజెవలె మెత్తనై యుండును.

మెత్తని వస్తువు గట్టి పాత్రలో నుండగా ఆ పాత్రను త్రిప్పిన నేమగునో మన యింటనే పరీక్షించి చూడవచ్చును. ఒక గుండ్రని గిన్నెలో నీరు పోసి, దానిపై నొక వేపాకును విడువుడు. నీరు నిలుకడ చెందిన పిమ్మట గిన్నె యంచును పట్టి చటుక్కున ప్రక్కకు త్రిప్పుడు. గిన్నె తిరుగును గాని ఆకు తానున్న దిక్కుననే నిలిచియుండును. గిన్నె తిరిగిన సంగతి నీటికి కొంత యాలస్యముగా తెలియును. దీనినే ప్రకృతిశాస్త్రమున జడత్వమందురు. కోపముతో బిడ్డను చంకలక్రింద పట్టి జాడించునప్పుడు పుఱ్ఱె గిన్నెయు, మెదడు నీరును అగుచున్నవి. పుఱ్ఱె యొక వైపునకు తిరుగును, మెదడు వెనుకబడును, మెదడు కదలనారంభించునప్పటికి పుఱ్ఱె వెనుకకు మఱలును. ఒక్కొక్క సెకనులోనే యిది పలుమాఱులు జరుగును.

మెదడును మూడు పొరలు కప్పియున్నవి. వెలుపలిది గట్టిదగు వరాశిక, నడిమిది లౌతికళ, లోపలిది మృద్వి. మెదడుపైనుండి రక్తమును మఱల కొనిపోవు సన్నని సిరలు కొన్ని యీ పొరలను దాటి, వరాశికయందలి పెద్ద కాలువలలో కలియును. అవి యేటిపై కట్టిన వంతెనల వంటివి. ఒక కొన మెదడును, రెండవ కొన పుఱ్ఱెకంటిన పొరను పట్టుకొనియుండును. రెండు గట్టులును వేర్వేఱు దిక్కులకు జరిగిన వంతెన యెట్లు నిలుచును? సిరలు తెగును, వరాశిక క్రింద రక్తము పఱచుకొనును. అంతకంటెను గొప్ప కీడు మెదడులోపల జరుగును. నాడీతంతువులు సాగి చినుగును. ఊపిరిని నడుపు నాడీస్థానములు నలిగి శ్వాస తడబడును. శ్వాస తడబడుటచే మెదడునకు ప్రాణవాయువు చాలక అది వాచును. వాచిన మెదడునకు పుఱ్ఱెలో చోటు చాలక మఱింత నలుగును. ఇట్లొక కీడు మఱియొక కీడును పిలుచును.

కంటిలో జరుగు హానియు నిట్టిదే. కనుగ్రుడ్డులోపల వెనుకటి గోడకు నేత్రపటలమను పలుచని పొర అంటియుండును. వెలుగును గ్రహించి, దృక్‌నాడిద్వారా మెదడునకు వార్తనంపునది యిదియే. కనుగ్రుడ్డు నడిమిభాగము తేటయైన జిగురువంటి పదార్థముతో నిండియుండును. వార్ధకమున నీ జిగురు నేత్రపటలమునుండి విడిపోవుచుండును గాని, పసితనమున దానిని గట్టిగా పట్టుకొనియుండును. తల ముందువెనుకలకు విసరబడునప్పుడు ఈ జిగురు నేత్రపటలమును పీకును. సన్నని రక్తనాళములు చిట్లి పటలపు పొరలయందు నెత్తురుచుక్కలు నిండును. కఠినమైన సందర్భములలో ఆ పొరలే యొకదానినుండి యొకటి చీలిపోవును. ఇవేవియు వెలుపలికి కనబడవు. కన్ను ఎఱ్ఱబడకయే, ఱెప్ప వాయకయే, లోపల నింతటి హాని జరిగియుండవచ్చును. 1851 లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కంటిలోపలి భాగమును చూచు సాధనమును లోకమునకు వివరించెను. నేటికిని ఆ జాతి సాధనములతోడనే వైద్యులు బిడ్డ కంటిలోని యీ చుక్కలను కనుగొనుచున్నారు.

ఇచట నొక వింత గలదు. నేత్రపటలమందలి రక్తము చాలమంది బిడ్డలలో వారములు, నెలలు గడచునప్పటికి ఇంకిపోవును. కన్ను మఱల నిర్మలమగును. ఐనను కొందఱు బిడ్డలకు చూపు రాదు. ఏలయన, చూచునది కన్ను మాత్రమే గాదు. కన్ను పంపిన వార్తను చదువునది మెదడు వెనుకటిభాగము. చదువువారు లేని యింటికి జాబు వచ్చిన నేమి ప్రయోజనము? తల్లి ముఖమెదుట నున్నను, కన్నులు చక్కగా మెఱయుచున్నను, ఆ బిడ్డ తల్లిని గుర్తింపజాలదు. చూపు దెబ్బతిన్న శిశువును కంటివైద్యుడును మెదడువైద్యుడును కలిసి పరీక్షింపవలసి వచ్చుట యిందుచేతనే.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకును ఒక్క దినమున తెలిసినది గాదు. 1943 లో ఆక్స్‌ఫర్డునందలి హోల్‌బోర్న్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడును చెఱచునది ముఖ్యముగా తల గిఱ్ఱున తిరుగుటయే యని చూపెను. 1946 లో అమెరికాయందలి జాన్ కాఫీ అను వైద్యుడు ఎక్స్‌కిరణముల చిత్రములను పరిశీలించి, పుఱ్ఱెలో రక్తస్రావముగల కొందఱు శిశువుల చేతి యెముకలును, కాలి యెముకలును విఱిగియుండుట గమనించెను. 1968 లో అయూబ్ ఒమ్మాయా అను శస్త్రవైద్యుడును అతని సహచరులును, తల దేనికిని తగులకున్నను మెడ విసురుచేతనే మెదడునకు గాయము కలుగగలదని కోతులయందు కనుగొనిరి. 1971 లో ఇంగ్లాండునందలి హల్ నగరమున పనిచేయుచుండిన నార్మన్ గుత్‌కెల్చ్ అను శస్త్రవైద్యుడు ఈ విషయములను శిశువులకు అన్వయించి, తలపై చిన్న మచ్చయైన లేని బిడ్డల మెదడుపై రక్తముండుటకు కుదుపు కారణము కావచ్చునని వ్రాసెను. పిమ్మట 1972 లోను 1974 లోను కాఫీ యిదే విషయమును విపులముగా ప్రకటించెను. 2009 లో అమెరికా శిశువైద్యుల సంఘమువారు దీనిని హింసవలని శిరోగాయమను అర్థమిచ్చు పేరుతో పిలువవలెనని సూచించిరి. కుదుపుతోపాటు కొట్టుటయు, విసరివేయుటయు తఱచు కలిసియుండుటయే యిందుకు కారణము.

గుత్‌కెల్చ్ గమనించిన యొక సంగతి మనము మఱవరాదు. అచటి తల్లిదండ్రులలో బిడ్డను కొట్టుట తప్పని తలచువారుకూడ కుదుపుటను అంత తప్పుగా నెంచకుండిరి. ఇట్టి తలంపు మన యిండ్లలోను లేకపోలేదు. “నేను కొట్టితినా యేమి? పట్టుకొని యొక్కమాఱు అదలించితిని, అంతియే” అను మాట మనము విన్నదే. చేయి చేసికొనకుండుటయే దయ యనుకొందుము. కాని పిఱుదుపై నొక్క దెబ్బ చేయజాలని కీడును ఈ కుదుపు చేయగలదు. అట్లని కొట్టుట మేలని మా యభిప్రాయము గాదు. కుదుపుట కొట్టుటకంటె తేలిక గాదనియే మేము చెప్పుట. పరుపుపై విసరివేయుటయు నిట్టిదే. 1987 లో డుహైమ్ అను వైద్యురాలును ఆమె సహచరులును శిశుప్రమాణముగల బొమ్మలతో కొలిచి, తల మెత్తని యడుగునకు తగిలినను వట్టి కుదుపుకంటె ఎన్నో రెట్లు బలము పుట్టుచున్నదని తెలిపిరి. కావున “పరుపుమీదనే గదా పడవైచితిని” అను సమాధానము చెల్లదు.

ఇది చదివి తల్లులు ఉయ్యాలను చూచి భయపడ నక్కఱలేదు. మెల్లగా ఉయ్యాల నూపుట, ఒడిలో జోకొట్టుట, మోకాళ్ళపై నుంచి యాడించుట, గతుకుల దారిలో బిడ్డను పొదివిపట్టుకొని ప్రయాణము చేయుట, వీనివలన నిట్టి హాని కలుగదు. కాని తలకు ఆధారము లేకుండ చేయు పనులను మానుట మంచిది. నీళ్ళు పోసిన పిదప పసిబిడ్డను కాళ్ళు పట్టి తలక్రిందులుగా వ్రేలాడదీసి ఊపుటయు, మెడ నిలువని బిడ్డను పైకెగురవేసి పట్టుకొనుటయు అట్టివి.

ఇంతటి కీడు చేయువారెవరు? 2012 ఏప్రిలు నెలలో బెంగుళూరునందు మూడు నెలల ఆడుశిశువు మెదడులో రక్తస్రావముతో వైద్యశాలలో మరణించెను. ఆడుబిడ్డ పుట్టినదను కోపముతో తండ్రియే హింసించెనని పోలీసులు అభియోగము మోపిరి. ద్వేషమువలన జరిగెనని చెప్పబడు అట్టి ఘోరములు పత్రికలకెక్కును. కాని కుదుపువలని హాని తఱచుగా అలసటవలన జరుగును. దానికి ముందు నడచునది శిశువు ఏడ్పు.

శిశురోదనమునకు నొక క్రమము గలదు. అమెరికాయందలి బ్రేజెల్టన్ అను శిశువైద్యుడు 80 మంది శిశువులు దినమునకెంతసేపు ఏడ్చుచున్నారో తల్లులచే వ్రాయించి, 1962 లో ఆ ఫలితమును ప్రకటించెను. ఏడ్పు రెండవ వారమునుండి పెరిగి, ఆఱవ వారమున దినమునకు ఇంచుమించు రెండుముప్పావు గంటలకు చేరి, పిదప తఱుగుచు వచ్చెను. అందును సాయంకాలము ఏడ్పు హెచ్చు. ఈ బిడ్డలందఱును ఆరోగ్యవంతులే. ఆఫ్రికాయందలి కలహారి యెడారిలోని కుంగ్ జాతి తల్లులు బిడ్డను మేనికంటించుకొని తిరుగుచు, మాటిమాటికి పాలిచ్చెదరు. వారి బిడ్డలును మొదటి మాసములలోనే హెచ్చుగా ఏడ్చుచున్నారని 1991 లో ప్రచురితమైన పరిశీలన తెలుపుచున్నది. వారి యేడ్పు నిడివి మాత్రము తక్కువ. కావున నీ యేడ్పు తల్లి లోపము గాదు, బిడ్డ మొండితనమును గాదు. ఆఱువారముల బిడ్డకు మొండితనమననేమో తెలియదు. మూడు నాలుగు నెలలు నిండునప్పటికి ఈ గండము చాలవఱకు దానియంతట అదియే గడచును.

అందాక ఓర్చుటయే కష్టము. ఏటేట ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు మా తీరమున యంత్రనావల వేట నిషిద్ధమగును. ఆ 61 దినములు చేతిలో పైకము తక్కువ. ఎండకు బిడ్డ మేనెల్ల చెమటపొక్కులు. రాత్రి యింటిల్లిపాదికి నిద్ర లేదు. అట్టి యింట సహనము సన్నగిల్లుట వింత గాదు. ఇచటనే గొప్ప మోసము పొంచియున్నది. కుదిపిన బిడ్డ యేడ్పు మానును. మెదడు దెబ్బతిని సొమ్మసిల్లుటను చూచి, నిద్రపోయినదని భ్రమపడుదురు. మఱునాడు బిడ్డ మఱల ఏడ్చునప్పుడు, నిన్న పనికివచ్చిన యుపాయమే జ్ఞాపకమునకు వచ్చును. ఇట్లు తెలియకయే హాని మీద హాని చేయుదురు.

హానికి గుర్తులివి: బిడ్డ పాలు త్రాగకుండుట, మాటిమాటికి వాంతి చేసికొనుట, లేపినను లేవని మత్తు, మేను తోటకూర కాడవలె వాలిపోవుట, మాడు ఉబ్బియుండుట, ఊపిరి ఆగియాగి వచ్చుట, మూర్ఛలు. మేనిపై గాయముండకపోవచ్చును. మూర్ఛ వచ్చిన బాలగ్రహమనియు, వాంతులైన దిష్టి తగిలెననియు తలచి, తాయెత్తుల కొఱకు తిరుగుచు గంటలు పోగొట్టరాదు. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదునందు ఆరంభమైన 108 బండి నేడు మన గ్రామములకును వచ్చుచున్నది, వెంటనే పిలువవలెను. మత్తులోనున్న బిడ్డను మేల్కొలుపుటకై మఱల కుదుపుట మహాప్రమాదము. జరిగినదేదో వైద్యునకు దాచక చెప్పవలెను. ఇట్టి గాయములు తగిలిన శిశువులలో నలుగురిలో ఒక్కరు మరణింతురు. బ్రతికినవారిలో పెక్కురకు చూపు, నడక, మాట, చదువు, వీనిలో నేదో యొకటి జీవితాంతము కుంటువడును.

ఐతే కంటిలో నెత్తురుచుక్క కనబడగానే తల్లినో ఆయానో దోషిగా నిలువబెట్టుటయు న్యాయము గాదు. సహజప్రసవమున పుట్టిన శిశువులలో ఇంచుమించు నాల్గవ వంతునకు కంటిలో నెత్తురుచుక్కలుండును. అవి కొలదివారములలో మాసిపోవును. ‘కె’ విటమిను చాలని శిశువునకు ఎవరును ముట్టకయే మెదడులో రక్తస్రావము కావచ్చును. పుట్టగానే ఆ విటమిను సూది వేయుట యిందుకే. రక్తము గడ్డకట్టని జబ్బులును గలవు. తాను చూపిన కారణమును ఇతరులు నిర్ణయముగా నెంచి శిక్షలు విధించుట చూచి, గుత్‌కెల్చ్ తన ముదిమియందు, 2012 లో, తొందరపాటు వలదని హెచ్చరించుచు వ్రాసెను. లక్షణములన్నియు విచారింపక తీర్పు చెప్పరాదు. బిడ్డను హింసించుట నిజమైనచో చట్టము ఊరకుండదు. 2015 నాటి బాలల న్యాయచట్టపు 75వ విభాగము తమ సంరక్షణలోనున్న బిడ్డపట్ల క్రూరముగా ప్రవర్తించినవారికి చెఱసాల శిక్షను విధించుచున్నది. ఆపదలోనున్న బిడ్డను గుఱించి 1098 అను సంఖ్యకు ఎవరైనను ఫోను చేయవచ్చును, విద్యార్థులును చేయవచ్చును.

శిక్షకంటె ముందుజాగ్రత్త మేలు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు పడమటిభాగమున 1998 చివరనుండి, ప్రసవించిన తల్లి యిల్లు చేరకమునుపే ఆమెకును తండ్రికిని కుదుపువలని యపాయమును బోధించుచు వచ్చిరి. ఇట్టి గాయములు సుమారు సగము తగ్గెనని 2005 లో ప్రకటించిరి. అదే పద్ధతిని పెన్సిల్వేనియా రాష్ట్రమంతట నడపగా అంతటి ఫలము కనబడలేదు. దీనినిబట్టి మాకు తోచునదేమనగా, తెలుపుట యవసరమే గాని, అలసినవాని చేతినుండి బిడ్డనందుకొను మఱియొక చేయి లేకున్న తెలివి మాత్రము చాలదు. మన వాడలలో ఆ చేతులు గలవు. పొరుగింటి పిన్నమ్మ, ఎదురింటి పెద్దమ్మ, మేనత్త, అవ్వ, వీరిని పిలుచుటకు సిగ్గుపడవలదు.

కావున విద్యార్థులారా, బిడ్డ యేడ్చునప్పుడు మొదట ఆకలియేమో, గుడ్డ తడిసెనేమో, జ్వరమేమో, చీమ కుట్టెనేమో చూడుడు. భుజముపై వేసికొని మెల్లగా నడువుడు, జోలపాడుడు. ఐనను మానక, మీ చేతులు వణకుచు పండ్లు పటపటలాడుచున్నట్లు తోచినచో, బిడ్డను ఉయ్యాలలోనో, క్రింద చాపపైననో వెల్లకిల పరుండబెట్టి, వాకిటికి వచ్చి నిలువుడు. ముఖము కడుగుకొనుడు, ఎవరినైన కేకవేయుడు, కొన్ని నిమిషములు గడచిన పిమ్మట పోయి చూడుడు. ఆ కొన్ని నిమిషముల యేడ్పువలన ఆరోగ్యముగల బిడ్డ కేమియు కాదు. ఆ నిమిషములందు బిడ్డను విడిచితిరని ఎవరైన నిందించినను సహింపుడు. ఈ మాటను బడిలోనే యుంచక మీ యిండ్లకు కొనిపొండు. చదువురాని పెద్దలకు చదివి వినిపింపుడు. పొరుగింట సాయంకాలము బిడ్డ యేడ్పు విడువక వినబడుచుండిన, విసుగుకొనక తలుపు తట్టి, “ఇటిమ్ము పిన్నీ, కొంతసేపు నేనెత్తుకొందును” అని యడుగుడు.